అటకెక్కే టెలిస్కోపు కొనకండి!

మా అక్క కొడుకు పదో తరగతి పాసైతే బావగారు టెలిస్కోపు కొనిచ్చారు. పెట్టె నిండా శని ఉంగరాలు, ఎర్రెర్రని నెబ్యులాల బొమ్మలు. మీద పెద్ద అక్షరాలతో '525 రెట్లు' అని. వారం తిరక్కుండానే వాడి నుంచి ఫోను. 'మావయ్యా, అంతా మసగ్గా ఉంది. నాకే చూడ్డం రావట్లేదనుకుంటా' అన్నాడు. ఆ చివరి మాటే నన్ను బాధపెట్టింది. తప్పు వాడిది కాదు, ఆ అంకెది.

అదెలా వచ్చిందంటారా? టెలిస్కోపు నాభ్యంతరాన్ని, మనం కన్ను పెట్టే ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో తెలుస్తుంది. వాడి గొట్టానిది 700 మి.మీ. అందులో 4 మి.మీ. ఐపీస్ పెడితే 175 రెట్లు. మధ్యలో దాన్ని మూడింతలు చేసే బార్లో కటకం తగిలిస్తే 525. లెక్కలో అబద్ధం లేదు! కానీ ముందున్న కటకం వెడల్పు 60 మి.మీ. మాత్రమే. ఆ వెడల్పుకి రెండింతలు, అంటే 120 రెట్ల వరకే దానికి ఓపిక. ఆపైన పెంచడమంటే గరిటెడు పిండిని పెనమంతా పులమడమే. బొమ్మ పెద్దదవుతుంది, వెలుగు పలచనైపోతుంది. దానికి తోడు ఆ సన్నకాళ్ల స్టాండు. దోమ వాలినా చందమామ ఊగిపోతాడు.

ఆ ఆదివారం వాళ్లింటికెళ్లాను. పగలే డాబా మీంచి దూరంగా ఉన్న సెల్ టవరు కొసను పెద్ద గొట్టంలో చూసి, పక్కనున్న చిన్న గొట్టంలో.. దాన్నే ఫైండర్ అంటారు.. అదే కొస మధ్యలోకి వచ్చేలా మరలు బిగించాం. చీకటి పడ్డాక బార్లోనీ, 4 మి.మీ. ఐపీస్‌నీ డబ్బాలో పడేసి 20 మి.మీ.ది పెట్టాం. అంటే 35 రెట్లే. ఆరోజు సప్తమి. చందమామ మీద వెలుగూ నీడా కలిసేచోట గుంటలన్నీ చెక్కినట్టు కనిపించాయి. తర్వాత గురుడు, పక్కనే వరసగా నాలుగు చుక్కలు. 1610లో గెలీలియో చూసిన చందమామలు అవే. ఆయన గొట్టం శక్తీ సుమారు ఇరవై రెట్లే మరి. వంటింట్లోంచి వచ్చిన అక్క ఐపీస్ వదల్లేదు, కూర మాడింది.

కొత్తగా కొనేవారికి పదివేల లోపే అనుకుంటే నేను బైనాక్యులర్సే చెబుతాను. 10×50 రకం, అంటే పదిరెట్లు, 50 మి.మీ. కటకాలు. కృత్తికలు (పల్లెల్లో పిల్లలకోడి అంటారే, అవే) అందులో చూసినంత అందంగా పెద్ద టెలిస్కోపులోనూ ఉండవు. ఆకాశం మీద మోజు పోతే పిట్టల్ని చూసుకోవచ్చు. కాదు, టెలిస్కోపే కావాలని పిల్లలు పట్టుబడితే 70 మి.మీ.ది, స్టాండు కదలనిది చూడండి.

ముప్పై నలభై వేలు పెట్టగలిగితే మాత్రం ఆరు అంగుళాల డాబ్సోనియన్. జాన్ డాబ్సన్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత మఠంలో సన్యాసిగా ఉంటూ పాత ఓడ కిటికీల గాజును అరగదీసి అద్దాలు చేసేవాడు. అట్టగొట్టం, చెక్కపెట్టె.. అంతే. 1968 నుంచి వీధి పక్కన నిలబెట్టి దారిన పోయేవాళ్లకి ఉచితంగా చూపించాడు. ఆయన పద్ధతే ఇది. డబ్బంతా మోటార్లకి కాకుండా అద్దానికి పోతుంది. 60 మి.మీ. కటకం కన్నా ఆరు రెట్లకు పైగా వెలుగు. శని ఉంగరం 2025 మార్చిలో అంచు మనవైపు తిరిగి గీతలా సన్నబడింది, అక్కణ్నుంచి ఏటా కొంచెం కొంచెం విచ్చుకుంటుంది. అయితే పెట్టె మీది రంగుల్ని మాత్రం ఆశించొద్దు. అవి కెమెరా కంటికే. మన కంటికి నెబ్యులా బూడిదరంగు పొగమంచే.

ఆరు ఉన్నవాళ్లు వెంటనే ఎనిమిదికి పోవాలా? వెలుగు రెట్టింపు కూడా కాదు, బరువేమో డాబా మెట్ల దగ్గర తెలుస్తుంది. ముందు మంచి ఐపీస్ ఒకటి కొనండి. మిగిలిన డబ్బుతో అమావాస్య రోజుల్లో ఊరి దీపాలకు దూరంగా వెళ్లిరండి. ఫొటోలు తీయాలనుకునే వారిది వేరే కథ. వాళ్లకి గొట్టం కన్నా దాన్ని మోసే మోటారు స్టాండుకే ఎక్కువ ఖర్చు.

అన్నట్టు, కొన్ని పెట్టెల్లో 'సూర్యుణ్ని చూసేందుకు' అని ఐపీస్‌కి బిగించే నల్లగాజు ఇస్తారు. దాన్ని ఇవాళే చెత్తబుట్టలో వేయండి. ఆ వేడికి గాజు పగిలితే క్షణంలో చూపు పోతుంది. టెలిస్కోపు ముందువైపు మొత్తం కప్పే సిసలైన సోలార్ ఫిల్టర్ లేకుండా పిల్లల్ని ఎండవైపు తిప్పనివ్వకండి.

మావాడు ఇప్పుడు ఆరు అంగుళాల దాని కోసం డబ్బు దాస్తున్నాడు. సగం తను పెట్టుకుంటాడట. మిగతా సగం వాళ్ల నాన్నని అడిగే పని నాకు పురమాయించాడు.