ఆటలో ఎవరినీ దూరంగా కూర్చోబెట్టకండి

గిలకలదిండిలో టీకాల రోజున తల్లులు వరుసలో నిలబడితే, పిల్లలు ఒడ్డుకు లాగిన పడవ నీడన గుజ్జనగూళ్ళు ఆడుకుంటూ ఉంటారు. ఇసుకే అన్నం, గవ్వలే కూర. ఒక పాప తువ్వాలు పరచి వాళ్ళమ్మలాగా నమాజు చేస్తుంది. ఇంకొక పాప కళ్ళు మూసుకొని భోజన ప్రార్థన చేస్తుంది. మరొకతె గంగమ్మకు నైవేద్యం పెడుతుంది. తరువాత అందరూ ఒకే ఆకులో వడ్డించుకుంటారు. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దామె వచ్చి “వాళ్ళ దగ్గర తినకే” అని రెక్క పట్టుకొని లాగుతుంది. ఇసుక అన్నానికి కూడా!

ఆమెను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం యానాది కుటుంబపు పాప ఒకతె వేళ్ళ సందుల్లో గజ్జితో వచ్చింది. “నువ్వు దూరంగా కూర్చో, ఎవరినీ ముట్టుకోకు” అని అందరి ముందూ అన్నాను. మందు ఇచ్చి పంపాను, నా డ్యూటీ అయిపోయిందనుకున్నాను. మరుసటి నెల వెళ్ళేసరికి పిల్లలు ఆసుపత్రి ఆట ఆడుతున్నారు. నర్సు అయిన పాప అచ్చం నా గొంతుతో “నువ్వు దూరంగా కూర్చో” అంటోంది. దూరంగా కూర్చున్నది ఆ పాపే. అప్పటికి ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి.

గజ్జి చిన్న పురుగు వల్ల వస్తుంది, కులం వల్ల కాదు. డాక్టరు చెప్పిన ప్రకారం ఇంటిల్లిపాదీ ఒకే రోజున మందు రాసుకొని, బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికితే బిడ్డ మర్నాడే బడికి వెళ్ళవచ్చును. ఈ మాట నేను ఆ తల్లితో పక్కకు పిలిచి చెప్పవలసింది.

మూడేళ్ళ బిడ్డ రంగులో, మాటలో, కట్టులో తేడాలు గుర్తుపడుతుంది. “ఆమె ముసుగు ఎందుకు వేసుకుంది?” అని అడిగితే నోరు మూయించకండి. తెలిసినంత చెప్పండి, లేదా ఆమెనే మర్యాదగా అడగనివ్వండి. మన బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేర్లు ఎలా వచ్చాయో చెప్పినా చాలు. వలందులంటే డచ్చివారు. ఎక్కడెక్కడివారో ఓడలెక్కి వచ్చిన రేవు ఇది. వామనగుంటలు ఆడేటప్పుడు, ఇదే ఆటను తమిళ పిల్లలు పల్లాంగుళి అంటారనీ, ఆఫ్రికాలోనూ ఇటువంటి గుంటల ఆటలు ఉన్నాయనీ చెప్పండి. బిడ్డ కళ్ళు ఎంత పెద్దవవుతాయో చూడండి.

జెకర్యా గ్రంథం 8వ అధ్యాయంలో ప్రవక్త బాగుపడిన యెరూషలేమును వర్ణిస్తూ, వీధుల్లో ఆడుకునే పిల్లలను కూడా చూపిస్తాడు. మా పిల్లల వార్డు వరండాలో పద్నాలుగు గుంటల పలక ఒకటి పెట్టాము. చింతగింజలు మీరు తీసుకురండి. మూడేళ్ళలోపు వాళ్ళకు మాత్రం అందనివ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.