ముందు కొలత మన దగ్గరుండాలె



పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చివరిదాక చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒక గనుల కంపెనీ రిపోర్టు పేజీలు తిరుగుతున్నయి. పచ్చని చెట్లు, హెల్మెట్లు పెట్టుకున్న కార్మికులు, బడి పిల్లలకు బ్యాగులు, పక్కన ఐఎస్ఓ సర్టిఫికెట్. కింద ఒక తమ్ముడు "ఇంత బాధ్యతగా చేస్తే మన నల్లమలల తవ్వుకుంటే తప్పేంది అన్నా, ఉద్యోగాలన్నా వస్తయి" అని కామెంట్ పెట్టిండు. ఆ తమ్ముని మీద నాకు కోపం లేదు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. ఉద్యోగం విలువ నాకూ తెలుసు. కానీ ఆ ప్రశ్నకు జవాబు మనలో మనమే చెప్పుకోకపోతే, రేపు కంపెనీవాళ్ళు అదే ప్రశ్నను మన నోటితోనే మన పెద్దమనుషులను అడిగిస్తరు.

నా మాట ఒక్కటే. కంపెనీ తన గురించి తాను రాసుకున్నది భద్రత కాదు. నీళ్ళు కొలిచే అధికారం, వద్దనే అధికారం మన గ్రామసభ చేతుల ఉంటేనే అది భద్రత.

ముందు మన దగ్గర జరిగింది గుర్తు చేసుకుందాం. 2019 మే నెలల కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంల 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం సర్వేకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. అడిగింది అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్, అదే ఏఎండీ. దాదాపు 4,000 బోర్లు వేస్తమన్నరు. "సర్వేనే కదా, గని కాదు కదా" అని కూడా అన్నరు. పెళ్ళిచూపులకు వచ్చినోళ్ళు పిల్ల నచ్చితే ముహూర్తం అడగకుండ పోతరా?

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. పులికి ఇబ్బంది అని చెంచుపెంటలను అడవి బయటికి రమ్మంటరు. తేనెకు, జిగురుకు పోతే ఆపుతరు. అదే అడవిల రిగ్గు బండ్లు తిరగొచ్చు, 4,000 బోర్లు దిగొచ్చు. అప్పుడు పులికి ఇబ్బంది లేదన్నట్టు!

అమ్రాబాద్, మన్ననూరు, పదర జనం రోడ్డెక్కిన్రు. 2019 సెప్టెంబర్‌ల శాసనసభ, మండలి రెండూ యురేనియం వద్దని తీర్మానం చేసినయి. ఇగ అయిపోయిందని మనం మర్చిపోయినం. కానీ తీర్మానం చట్టం కాదు. అణు ఖనిజాలు రాజ్యాంగంల కేంద్ర జాబితాల ఉన్నయి. పైగా 2025 సెప్టెంబర్‌ల కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని ఆదేశం ఇచ్చింది. నల్గొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు గుర్తున్నదా? 2003లో, 2005లో అక్కడ బహిరంగ విచారణలు పెడితే తండాల జనం ముఖం మీదనే వద్దని చెప్పిన్రు. ఇప్పటిదాక అక్కడ గని రాలేదు. ఇప్పుడు అట్లాంటి విచారణే ఉండదు. మైకు పట్టుకొని వద్దని చెప్పే ఆ ఒక్క రోజును కూడా తీసేసిన్రు.

"బాధ్యతగా తవ్వితే?" అన్న తమ్మునికి ఇప్పుడు జవాబు.

యురేనియం గని బొగ్గు గని లెక్క కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెల యురేనియం కార్పొరేషన్, అంటే యూసీఐఎల్, తవ్వుతున్న రాయిల యురేనియం 0.05 శాతం కూడా ఉండదు. టన్ను రాయి తవ్వి, పిండి చేసి, రసాయనాలల్ల ఉడికిస్తే చేతికొచ్చేది అర కిలో లోపే. మిగతాదంతా బురదగా టెయిలింగ్స్ చెరువులకు పోతది. రాయిల ఉన్న రేడియోధార్మికతల దాదాపు 85 శాతం ఆ బురదలనే మిగులుతది. ఆ బురదల రేడియం సగానికి తగ్గాలంటేనే 1,600 ఏండ్లు కావాలె. 1,600 ఏండ్ల కింద ఈ గడ్డ మీద కాకతీయులు కూడా లేరు. కంపెనీ ఉండేది రాయి ఉన్నన్ని దినాలే. ఆ తర్వాత ఆ చెరువుకు కావలి ఎవరు? ఏ వార్షిక రిపోర్టుల ఈ ప్రశ్నకు పేజీ ఉన్నది?

తుమ్మలపల్లె చుట్టుపక్కల కె.కె. కొట్టాల లాంటి ఊర్ల రైతులు బోరు నీళ్ళు చెడిపోయినయని, అరటి తోటలు ఎండుతున్నయని ఏండ్ల నుంచి మొత్తుకుంటున్నరు. టెయిలింగ్స్ చెరువు అడుగున నీరు ఇంకకుండ వేయాల్సిన పొర నిబంధన ప్రకారం లేదని 2018లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలే షోకాజ్ నోటీసు ఇచ్చింది. కంపెనీ మాత్రం మా వల్ల కాదంటది. ఆ నేలల యురేనియం సహజంగనే ఉంటది, నీళ్ళల్ల అదే వస్తదంటది.

ఇక్కడ ఆగి ఆలోచించండి, అసలు విషయం ఇక్కడే ఉన్నది. నీళ్ళు గని కంటే ముందే అట్ల ఉన్నయా, గని తర్వాత అట్ల అయినయా? తేల్చాలంటే గని రాకముందు తీసిన కొలత కావాలె. ఆ కొలత ఎవరి దగ్గర ఉంటది? కంపెనీ దగ్గర. పర్యావరణ ప్రభావ నివేదిక రాసే కన్సల్టెంట్‌ను పెట్టుకునేది, పైసలిచ్చేది కంపెనీనే. వెతికే ఏఎండీ, తవ్వే యూసీఐఎల్, గని చుట్టూ రేడియేషన్ చూసే బార్క్ ల్యాబ్, మూడూ ఒకే అణుశక్తి శాఖ కింద. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధమైన స్వతంత్రత లేదని 2012లో కాగే రిపోర్టు రాసింది. తునికాకు కల్లంల కట్టలు లెక్కపెట్టేటోడు, కొనేటోడు, పద్దు రాసేటోడు ఒక్కడే అయితే ఏమైతదో మా అమ్మ బడికి పోకున్నా చెప్తది.

హద్దు గీతలు కూడా ఒక్క తీరుగ లేవు. తాగే నీళ్ళల్ల యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటది. మన అణుశక్తి నియంత్రణ మండలి 60 దాక పర్వాలేదన్నది. అంటే 45 ఉన్న నీళ్ళు ఒక కాగితం మీద ప్రమాదం, ఇంకో కాగితం మీద క్షేమం. తాగేది మాత్రం ఒకే బిందె.

జార్ఖండ్ జాదూగూడల 1967 నుంచి ఇదే యూసీఐఎల్ తవ్వుతున్నది. అక్కడ ఉండేది సంతాల్, హో ఆదివాసులు. 2006 డిసెంబర్‌ల టెయిలింగ్స్ పైపు పగిలి బురద గంటల తరబడి వాగుల కలిసింది. మొదలు చూసి చెప్పింది ఊరి జనమే. దాదాపు నలభై ఏండ్ల అనుభవం ఉన్న కంపెనీకి తన పైపు పగిలిన సంగతి పక్క ఊరోళ్ళు చెప్పాల్సి వచ్చింది!

"దేశానికి కరెంటు వద్దా?" అంటరు. కావాలె. కానీ దేశానికి కావాల్సిన ప్రతిదానికీ ముందు లేచేది మన గూడెమే, మన తండానే ఎందుకు? అమ్రాబాద్ గుట్టల వాగులు డిండిలకు, కృష్ణలకు పోతయి. నాగార్జునసాగర్ నీళ్ళు హైదరాబాద్ తాగుతది. ఇది ఒక్క చెంచుల బాధ కాదు.

"ఉద్యోగాలు?" అంటరు. ఎన్ని, ఏ పోస్టులు, పర్మనెంటా కాంట్రాక్టా, కాగితం మీద రాసిమ్మని అడగండి. డిగ్రీ చదివినోళ్ళం గేటు కాడ కావలికి మాత్రమే పనికొస్తే దానికి అడవిని ఇయ్యాల్నా?

మరి మనం ఏం చేయాలె? ఉత్త స్టేటస్‌లు పెడితే ఏం కాదు. మూడు పనులు.

ఒకటి, కాగితం. అటవీ హక్కుల చట్టం, 2006 కింద సామూహిక అటవీ వనరుల హక్కుకు గ్రామసభ ఫారం–సీ పెట్టొచ్చు. ఒడిశా నియమగిరిల 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే తేల్చుకోమన్నది ఈ చట్టాన్ని పట్టుకొనే. 12 గ్రామసభలు పెడితే డోంగ్రియా కోందులు 12కు 12 వద్దన్నరు. వేదాంత అంత పెద్ద కంపెనీ వెనక్కి పోయింది. సెలవులకు ఊరికి పోయినోళ్ళు మీ గ్రామసభకు ఆ హక్కు పత్రం ఉన్నదా లేదా అడగండి. లేకపోతే అటవీ హక్కుల కమిటీతో కూర్చొని ఫారం నింపండి. ఆ భాష చదవగలిగేది ఊర్ల మనమే.

రెండు, కొలత. మీ ఊరి బోరు, చెలమ, వాగు నీళ్ళు ఇప్పుడే పరీక్ష చేయించాలె. మామూలు కిట్టుతోటి యురేనియం తెలవదు, ల్యాబుల ప్రత్యేకంగా అడగాలె. కెమిస్ట్రీ చదివే అక్కలు, అన్నలు శాంపిల్ ఎట్ల తీయాల్నో చెప్పండి. తేదీ, జాగ, ఫలితం గ్రామసభ రిజిస్టర్ల ఎక్కాలె. రేపు ఎవరన్నా "ఈ నీళ్ళు మొదటినుంచీ ఇంతే" అంటే ఆ రిజిస్టర్ ముందట పెట్టాలె.

మూడు, కలిసి ఉండుడు. గద్వాల, వనపర్తి తమ్ముళ్ళు "అది నల్లమల సంగతి, మాకేంది" అనుకోవద్దు. మీ తండా పక్క గుట్టకు క్వారీ లీజు అడిగినా, క్రషర్ పెట్టినా తెచ్చేది ఇసుంటి కాగితమే, చెప్పేది ఇదే మాట. చెంచు, లంబాడీ, ఎరుకల అని విడిపోతే వాళ్ళకే సులువు.

ఫారం–సీ మీ ఊర్ల ఉన్నదో లేదో, ఊరి పేరుతో ఈ పోస్టు కింద రాయండి. లిస్టు నేను తయారు చేస్త. వచ్చే సెలవుల లోపల ఏ ఊరికి ఎవరు పోవాల్నో అందులనే తేల్చుకుందాం.