వేట – పాఠమూ, నేరమూ

నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. చదివే రోజుల్లో విద్యార్థి సంఘంలో చురుగ్గా తిరిగినవాడు. ఆ మధ్య నాకొక పెద్ద ఉత్తరం రాశాడు. ఉత్తరమంటే కాగితం మీద కాదు, కంప్యూటరు మీదనే. అయినా అంత నిడివీ అంత ఆవేశమూ ఉన్నదాన్ని మరో పేరుతో పిలవడం నాకు చేతకాదు. సారాంశమేమంటే, అతడు వేట నేర్చుకుంటున్నాడు. వినోదానికి కాదు, తిండికి. అందులో మనబోటి అభ్యుదయవాదులకు అతడు చేసిన వాదన ఒకటి ఉంది, నన్ను కోరిన కోరిక ఒకటి ఉంది. రెండింటితోనూ నాకు పేచీ ఉంది. అతడు నా శిష్యుడే అయినా, ఈ వాదన అతడొక్కడిదే కాదు గనుక నా జవాబు నలుగురి ముందూ పెడుతున్నాను.

ముందు అతడు నేర్చుకున్నదేమిటో చెప్పాలి. దాన్ని తేలిక చేసి మాట్లాడడం న్యాయం కాదు. అక్కడి రాష్ట్ర సహజ వనరుల శాఖ, వేటగాళ్ళ సంఘాలు కలిసి, ఇంట్లో ఎన్నడూ తుపాకి ఎరగని పెద్దవాళ్ళకు వేట నేర్పుతాయి. కొత్తవాడికి ఒక అనుభవజ్ఞుణ్ణి గురువుగా జత చేస్తారు. మావాడికి దొరికినాయన ఫ్యాక్టరీలో పనిచేసి విరమించిన కార్మికుడు. మొదటి పాఠం ఆయుధం గురించి: ఎదుట ఏముందో, దాని వెనక ఏముందో తెలియనిదే మీట మీద వేలు పెట్టకూడదు. తరువాత అడవిలో నడక. నేల మీద గిట్టల గుర్తులు, పెంటికలు, మగజింక కొమ్ములు రాసుకుని బెరడు లేచిపోయిన చెట్లు. గాలి ఎటునుంచి వీస్తున్నదో చూసుకుని, మన వాసన జింక వైపు పోకుండా కూర్చోవడం. చీకటితోనే వెళ్ళి గంటల తరబడి కదలకుండా ఉండడం. జింక పక్కగా తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి జబ్బ వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటనే కొట్టాలి. అది కుదరకపోతే వదిలెయ్యాలి. దెబ్బ తిన్న జంతువు వెనక వెంటనే పరుగెత్తకూడదు. కొంతసేపు ఆగి, నెత్తుటి చుక్కల జాడ పట్టుకుని పోవాలి. పడిన చోటనే కడుపు కోసి పేగులు తీసి మాంసం చల్లారనివ్వాలి, లేకపోతే చెడుతుంది. ఆ పైన తోలు ఒలవడం, కీళ్ళ దగ్గర కోయడం, వండుకోవడం.

మొదటి ఏడాది మావాడు అయిదు రోజులు కాపు వేసి ఒక్క జింకనూ కొట్టలేదు. "ఒకరోజు దగ్గరగానే వచ్చింది మాస్టారూ, కాని మధ్యలో కొమ్మ అడ్డం పడింది. మా ముసలాయన వద్దని తల ఊపాడు. అంతే, అది వెళ్ళిపోయింది" అని రాశాడు. ఆ మాట చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. మూడేళ్ళు నేను ఛందస్సు చెప్పినా అతనికి ఆ ఓర్పు అబ్బలేదు.

ఈ సంగతి మా స్టాఫ్ రూములో చెబితే ఒక మిత్రుడు, "ఛీ, జీవహింస!" అన్నాడు. ఆయన క్యారేజీలో ఆ పూట బ్రాయిలర్ కోడికూర ఉంది. ఇంకొక మిత్రుడు, మనవాడే, "బూర్జువా వినోదం" అని ఒక్క మాటలో తీసిపారేశాడు. మొదటాయనకు జవాబు అక్కర్లేదు. రెండో ఆయనతో నేను ఏకీభవించను. తాను తినే తిండి ఎక్కడినుంచి వస్తున్నదో కళ్ళారా చూసి, దానికోసం చలిలో కూర్చుని, నెత్తురు చేతికి అంటించుకునేవాణ్ణి చూసి నవ్వడం శ్రమను గౌరవించేవాడి లక్షణం కాదు.

అయితే మావాడు అక్కడితో ఆగలేదు. ఈ వేట పెట్టుబడిదారీ మాంసపరిశ్రమకు ఎదురుతిరగడమన్నాడు. మనిషికీ అతని శ్రమకూ మధ్య ఏర్పడిన పరాయీకరణ ఇక్కడ తెగిపోతున్నదన్నాడు. మార్క్సు, ఎంగెల్సులు 'జర్మన్ భావజాలం'లో రేపటి స్వేచ్ఛాజీవి దినచర్యలోకి వేటను కూడా చేర్చారు గదా అని నాకే గుర్తుచేశాడు. ఇక్కడే నేను అతణ్ణి పట్టుకోదలిచాను. మార్క్సును తెచ్చాడు గనుక ఆయన 1842లో 'రైనిష్ జైటుంగ్' పత్రికలో రాసిన వ్యాసాలను కూడా తెచ్చుకోవలసింది. రైన్ రాష్ట్రంలో పేదలు అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడం తాతల నాటి వాడుక. దాన్ని దొంగతనంగా మార్చే చట్టం మీద జరిగిన చర్చను విమర్శిస్తూ రాసినవి ఆ వ్యాసాలు. అంతకు నూరేళ్ళకు పైగా ముందు, 1723లో, ఇంగ్లండులో ముఖానికి మసి పూసుకుని రాజుగారి అడవిలో జింకను వేటాడినవాడికి ఉరిశిక్ష వేసే చట్టం చేశారు. అడవి చరిత్రలో అడగవలసిన మొదటి ప్రశ్న మాంసం పరిశుద్ధమా కాదా అన్నది కాదు. నిన్న హక్కుగా ఉన్నదాన్ని నేరం చేసిందెవరు, ఎవరి కోసం?

విస్కాన్సిన్ సంగతే చూద్దాం. ఈ గురువులూ తరగతులూ ఎందుకు పుట్టాయి? అమెరికాలో 1937లో చేసిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలై, వన్యప్రాణి సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. దానికి తోడు లైసెన్సుల సొమ్ము. వేటగాళ్ళు తగ్గితే లైసెన్సులు తగ్గుతాయి, శాఖల ఆదాయం తగ్గుతుంది. అక్కడి ప్రభుత్వ సర్వే లెక్కల్లో 2011లో 1 కోటీ 37 లక్షలున్న వేటగాళ్ళు 2016 నాటికి 1 కోటీ 15 లక్షలయ్యారు. కొత్తవాళ్ళను చేర్చుకోవాలి, ఉన్నవాళ్ళను నిలుపుకోవాలి, మానేసినవాళ్ళను మళ్ళీ రప్పించాలి – ఇదొక ఉద్యమమే అయింది. పట్నవాసికి వేట మీద మోజు లేదు గాని తిండి మీద శ్రద్ధ ఉంది. కాబట్టి తిండి పేరుతో పిలిచారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. అడవి జింక ఏ ప్రభువు సొత్తూ కాదు, దాని మాంసం అంగడిలో అమ్మరాదు అన్న నియమాలు అక్కడ ఉన్నాయి, అవి మంచివే. కాని శాఖ ఖజానాను, తుపాకుల వర్తకాన్ని నిలబెట్టే పనికి 'పరాయీకరణ తెగడం' అని పేరు పెట్టుకుంటే మాత్రం నవ్వు రాక మానదు. వలసరాని వీసా మీద ఉన్న విదేశీయుడు అక్కడ తుపాకి పట్టడానికి చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు చేతిలో ఉంటే ఒప్పుకుంటుంది. మావాడికి ఆ తలుపు అలాగే తెరుచుకుంది.

మరి అదే నేల మీద తలుపు మూసుకున్నదెవరికి? విస్కాన్సిన్ ఉత్తరభాగాన్ని ఒజిబ్వే ప్రజలు 1837, 1842 ఒప్పందాల కింద అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. వదులుకున్న నేల మీద వేటాడే, చేపలు పట్టే, ఏరుకునే హక్కును ఆ ఒప్పందాల్లోనే నిలుపుకున్నారు. అయినా 1974లో, తమకు కేటాయించిన హద్దు దాటి చేపను బల్లెంతో పొడిచారని ఇద్దరు ఒజిబ్వే అన్నదమ్ములను అరెస్టు చేశారు. వారి హక్కు చెల్లుతుందని ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పడానికి 1983 దాకా పట్టింది. చెప్పిన తరువాత ఏమైంది? ఆ దశకం చివర, రాత్రిపూట చేపలకు పోయిన ఒజిబ్వేలను రేవుల దగ్గర తెల్లవారి గుంపులు చుట్టుముట్టి బూతులు తిట్టాయి, రాళ్ళు విసిరాయి. అడవిని చదవడం తరతరాలుగా తెలిసినవాడు కోర్టు మెట్లెక్కి రుజువు చేసుకోవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి వెళ్ళిన మావాడు రుసుం కట్టి తరగతిలో చేరాడు. ఈ తేడా అతని ఉత్తరంలో ఒక్క పంక్తిలో కూడా లేదు. అతడు దుర్మార్గుడై కాదు; అతనికి నేర్పినవాళ్ళు అది పాఠంలో భాగమనుకోలేదు.

ఇక అతని కోరిక. "సెలవుల్లో వస్తున్నాను. నల్లమలలో చెంచు పెద్ద ఎవరినైనా చూపించండి. తుపాకి కాకుండా విల్లంబులతో ఎలా వేటాడతారో పది రోజులు వాళ్ళ వెంట తిరిగి నేర్చుకుంటాను. వాళ్ళకు గురుదక్షిణగా ఎంతైనా ఇస్తాను."

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కారణం చెబుతాను. ఎనిమిదేళ్ళ క్రితం ఎన్.ఎస్.ఎస్. శిబిరానికి పిల్లలను తీసుకుని నల్లమల అంచున ఒక చెంచుపెంటకు వెళ్ళాను. ఒక ముసలాయన ఇంటి చూరులో విల్లు కనబడింది. "తాతా, అది పట్టుకుని నిలబడు, కాలేజీ పత్రికకు ఫోటో తీస్తాను" అన్నాను. ఆయన తియ్యనిచ్చాడు. తీశాక మెల్లగా, "ఈ బొమ్మ గార్డు చూడడు గద సారూ?" అని అడిగాడు. నేను నవ్వేశాను. నవ్వవలసిన ప్రశ్న కాదని అప్పుడు నాకు తట్టలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పన్నడం, పట్టడం, చివరకు ఆ ప్రయత్నం కూడా వేటే. ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినందుకు మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. మొదట్లో ఈ చట్టమే కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేది. 1991 సవరణతో అది పోయింది. దొరలూ జమీందార్లూ తుపాకులతో ఆడిన ఆటకు అడ్డుపడడం సబబే. కాని ఆ ఆటకూ, గడ్డలు తవ్వుకుంటూ ఉడుము కనబడితే పట్టుకునేవాడి తిండికీ చట్టం తేడా చూడలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. చారిత్రకంగా జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడానికే అని అది తన ముఖాన్నే చెప్పుకుంది. తేనె, గడ్డలు, కాయలు, చేపలు – అన్నీ ఒప్పుకుంది. సంప్రదాయ హక్కులన్నీ లెక్కపెట్టి, చివర వేట హక్కు మాత్రం మినహాయించింది. అంత శ్రద్ధగా మినహాయించవలసి వచ్చిందంటే అది హక్కేనని చట్టం రాసినవాళ్ళకు తెలుసన్నమాట.

"పులుల అభయారణ్యంలో వేటకు ఒప్పుకోమంటారా?" అని మిత్రులు అడుగుతారు. ప్రశ్న గట్టిదే, దాటవేయను. దుప్పులు తరిగితే పులి బతకదు. కరెంటు తీగలు పరిచి, ఉచ్చులు వేసి మాంసం పట్నాలకు అమ్మే ముఠాలు అడవికి శత్రువులే. అయితే నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలో పులి అడుగుజాడను చూసి చెప్పే వాచర్లుగా అటవీశాఖ ఎవరిని పెట్టుకుంటున్నది? చెంచులనే. ఎండుటాకు మీద గోటి గీత చూసి ఎటు పోయిందో చెప్పగల చూపును ప్రభుత్వం కూలికి కొనుక్కుంటుంది. అదే చూపుతో అతడు కుండలోకి ఒక ఉడుమును తెచ్చుకుంటే కేసు పెడుతుంది. ఏ జంతువును, ఏ కాలంలో, ఎన్నిటిని అన్న నిర్ణయంలో అతనికి కుర్చీ వెయ్యదు. వేస్తే అడవి నాశనమవుతుందా? ఒజిబ్వేలు 1984లో తమదైన గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్‌ను ఏర్పరచుకున్నారు. శాస్త్రజ్ఞులను పెట్టుకున్నారు, లెక్కలు కట్టుకున్నారు, తమ వార్డెన్లను తామే నియమించుకున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. మన 1972 చట్టంలోనే 65వ సెక్షను నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కులకు భంగం లేదని చెబుతున్నది. నికోబారుకు చేతనైన వాక్యం నల్లమలకు ఎందుకు చేతకాదు? తిండికి అవసరమైన చిన్న జంతువులను పేరు పేరునా గుర్తించి, అమ్మకాన్ని నిషేధించి, హద్దు నిర్ణయాన్ని పెంట గ్రామసభకు వదలమని అడగడంలో పులికి వచ్చే ప్రమాదమేమిటో నాకు బోధపడడం లేదు.

మన సాహిత్యశాఖల సంగతి కూడా ఒక మాట అనక తప్పదు. మనుచరిత్రలో స్వరోచి వేటను ఏటేటా రసవత్తరంగా చెబుతాం. అడవి మృగాల వార్త మోసుకొచ్చే ఎరుకలు ఆ ఘట్టంలో రాజు వేటకు అలంకారం మాత్రమే. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యం దగ్గరికి వచ్చేసరికి తిన్నడు మాంసాన్ని కాల్చి, నమిలి, రుచి చూసి శివుడికి పెట్టాడని గొంతు గాద్గదికం చేసుకుంటాం. ఆ ముక్క ఎలా మెత్తగా కాలుతుందో, ఏ భాగం మంచిదో తెలిసిన వేటకాడి జ్ఞానం అక్కడ ఉందని పిల్లలకు చెప్పం. భక్తి ఒక్కటే చెబుతాం. నేనూ అలాగే చెప్పాను. తిన్నడు ఈనాడు ఆ విల్లుతో కాళహస్తి అడవిలో కనబడితే ఏ సెక్షను కింద పోతాడో ప్రశ్నపత్రంలో ఎవరూ ఇవ్వరు.

మావాడికి ఇలా జవాబు రాశాను: "నువ్వు నేర్చుకున్నది మంచి విద్య. మానమని చెప్పను. కాని పేరు మాత్రం ఎవరిదీ ఇవ్వను. నువ్వు పది రోజులు ఆయన వెంట తిరిగి పట్టుబడితే నీకు వకీలున్నాడు, బెయిలు ఉంది, తిరుగుప్రయాణానికి టిక్కెట్టు ఉంది. ఆయనకు ఉన్నది ఆ పెంట ఒక్కటే. నీ గురుదక్షిణ ఆయన జైలు కాలానికి సరిపోదు. మీ ముసలాయనను అడుగు, మీరు కాపు వేసిన ఆ కొండవాలు ఏ ఒప్పందం కిందిదని. ఆయనకు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెళ్ళి ఒజిబ్వే కమిషన్ వాళ్ళను అడగండి. సెలవుల్లో నల్లమలకు వస్తానంటే రా. సామూహిక అటవీ హక్కుల దరఖాస్తులు నింపడానికి చదువు వచ్చినవాళ్ళు తక్కువగా ఉన్నారు; పటాల పని నీకు బాగా వచ్చు. పది రోజులకు ఆ పని సరిపోతుంది."

ఉత్తరం పంపిన మర్నాడు డిపార్టుమెంటులో గోడకున్న ఆ ఫోటో తీసి బీరువాలో పెట్టాను. దాని కింద 'చెంచు వేటగాడు' అని నేనే రాయించాను. ఎనిమిదేళ్ళుగా అది వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడుతూనే ఉంది. ముసలాయన అడిగిన ప్రశ్నకు నేనింకా వెళ్ళి జవాబు చెప్పలేదు. ఈ శిబిరానికైనా వెళ్ళాలి. మావాడి నుంచి కూడా జవాబు రాలేదు. అక్కడ తుపాకులతో జింకల వేట నవంబరులో మొదలవుతుందట.