అడిగి తెలిసికొను వృత్తి

గత ఆదివారము ఉదయము మా సంఘ కార్యాలయమునకు ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ బిడ్డ స్టాటిస్టిక్స్ ప్రధానముగా బి.యస్సీ. ముగించినది. బెంగుళూరులోని ఒక విపణి పరిశోధన సంస్థ ఆమెను ఉద్యోగమునకు పిలిచినది. పదిహేను దినములలో చేరవలెనట. తండ్రికి మాత్రము ఆ వార్త వలన సంతోషము కలుగలేదు. “అన్నా, ఇంత చదివించింది ఇంటింటికీ పోయి మీరు ఏ సబ్బు వాడతారని అడిగేదానికా? రేపు సంబంధం చూసేవాళ్లు బిడ్డ ఏం పని చేస్తుందంటే ఏమని చెప్పేది?” అని ఆయన మమ్ము అడిగెను. బిడ్డ ఏమియు మాటాడక మా వంక చూచుచుండెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. మూడేండ్ల క్రిందట మా విద్యానిధి సమితి ముందునకు ఇట్టి చదువు కొరకే ఒక బాలుని దరఖాస్తు వచ్చినది. ఇంజనీరింగు, వైద్యము, ఆడిటరు చదువు, ఈ మూడింటికి తప్ప మన నిధినుండి సహాయమేల అని సభ్యులు పలికిరి. దరఖాస్తు త్రోసివేయబడినది. ఆనాడు చేయెత్తిన వారిలో మేమును ఉంటిమి. ఆ బాలుడు ఇప్పుడు ఒక మండీలో చిట్టా వ్రాయుచున్నాడు. ఆ పని తక్కువదని మేమనము. మేమును అట్లే మొదలిడినవారమే. కాని అతడు కోరినది వేరు.

కనుక ఈ వారము ఈ వృత్తిని గూర్చి మాకు తెలిసినంత వ్రాయదలచితిమి.

విపణి పరిశోధన యనగా సరుకు అంగడికి రాకమునుపే కొనువాని మనస్సు తెలిసికొనుట. ఆ తెలివిని బట్టి ఏ సరుకు, ఎంత పరిమాణమున, ఏ ధరకు, ఎవరికొరకు చేయవలెనో, ఏ ఊర ముందుగా అమ్మవలెనో నిశ్చయించుట దాని తరువాతి మెట్టు. పేరు కొత్తదే గాని అంగడివారికి ఈ పని కొత్తది కాదు. బియ్యము కొనవచ్చిన ఇల్లాలు నాలుగు గింజలు అరచేత పోసికొని, వాసన చూచి, తిరిగి గోనెలో వేసినచో, ఆమె ఏల వద్దనెనో మన తాతలు మెల్లగా అడిగి తెలిసికొని మరుసటి లోడునకు సరుకు మార్చెడివారు.

మేము అట్లు అడుగక చెడినవారము. కొన్నేండ్ల క్రిందట మేము ఇంటి పద్ధతిని కందిపొడి చేయించి, అరకిలో పొట్లములు కట్టించి అంగడిలో పెట్టితిమి. రుచి చూచినవారందరును బాగున్నదనిరి. పొట్లములు మాత్రము కదలలేదు. మూడు మాసములకు పొడి ముక్కవాసన కొట్టసాగెను. ఎరిగిన ఇల్లాలొకతె నవ్వుచు అసలు సంగతి చెప్పినది: “అన్నా, అంత పెద్ద పొట్లం వంటింట్లో కనబడితే మా అత్త ఊరుకుంటుందా? కందిపొడి కొట్టుకోను కూడా చేతకాదా అంటుంది.” మేము రుచిని గూర్చి నూరుమందిని అడిగితిమి గాని అత్తగారిని గూర్చి ఒక్కరినైనను అడుగలేదు. పిమ్మట 50 గ్రాముల పొట్లములు కట్టించితిమి. సిప్కాట్ కార్ఖానాలలో పనిచేయుచు గదులలో వండుకొను పిల్లలు వానిని కొనిరి. ఆ ఇల్లాలును కొనును. చిన్న పొట్లమును డబ్బాలో పోసివేసిన ఎవరికి తెలియును?

పెద్ద సంస్థలకును ఇట్టి పాఠములు తప్పలేదు. మన హోసూరులోనే కార్ఖానా గల టైటన్ సంగతి చూడుడు. టాటా వారును, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలసి 1984లో స్థాపించిన ఈ కంపెనీ 1990ల నడుమ తనిష్క్ అను పేరుతో నగల వ్యాపారమునకు దిగినది. మొదట వారు అమ్మజూపినవి 18 క్యారట్ల నగలు. రాళ్లు పొదుగుటకు ఆ బంగారము గట్టిగా నుండును. పాశ్చాత్య దేశములలో అది వాడుకయే. మన ఇండ్లలోనో నగ యనగా ఆపదవేళ కుదువబెట్టుకొను ధనము కూడ. 22 క్యారట్లకు తక్కువదానిని కూతురికి పెట్టి పంపు తల్లి ఎవరు? వ్యాపారము సాగలేదు. కంపెనీవారు మార్గము మార్చుకొని 22 క్యారట్లకు వచ్చిరి. మా దృష్టిలో అంతకంటె గొప్పది వారు పిమ్మట కనుగొన్న సంగతి. తాము లోగడ కొన్న బంగారము ఎంత మేలిమిదో అని జనులకు లోలోపల అనుమానము కలదు, పైకి అనరు. కంపెనీవారు క్యారట్‌మీటరు అను యంత్రమును దుకాణములలో ఉంచి, నగను కరిగింపకయే దాని స్వచ్ఛతను కొనువారి కండ్లయెదుట చూపసాగిరి. 22 అని నమ్మిన నగలు అనేకము తక్కువగా తేలినవి. అది తెలిసిన దినములలో మా వీధిలోనే రెండు ఇండ్లవారు తమ పాత ఆచారితో మాటలు మానిరి.

తమిళనాడులోనే మరియొక ఉదాహరణము కలదు. కడలూరునకు చెందిన సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో విడిగా వ్యాపారము మొదలిడి చిక్ శాంపూ చేసెను. శాంపూను చిన్న పొట్లములలో అమ్మవచ్చునను తలంపు ఆయన తండ్రి చిన్నికృష్ణన్‌ది. సీసా కొనుటకు శక్తి లేనివారు సీకాయతోనో, ఒంటిసబ్బుతోనో తలంటుకొను దినములవి. చిక్ వారి మనుష్యులు పల్లెలకు పోయి, బడిపిల్లల తలలు అక్కడనే శాంపూతో కడిగి, జుట్టు తాకి చూడుడని పెద్దలను పిలిచిరి. ఏ కంపెనీవైనను సరే, ఖాళీ పొట్లములు తెచ్చినవారికి చిక్ పొట్లము ఉచితముగా ఇచ్చిరి. ఆ ఖాళీ పొట్లములను లెక్కించిన యెడల ఏ ఊర ఏ శాంపూ చెల్లుచున్నదో తెలియకపోవునా? అర్ధరూపాయి పొట్లము ఆ మీదట వచ్చినది.

ఇక శాస్త్రము మాట. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునందురు. నిజమే, కాని పై మెతుకు పలుకుగా నుండి అడుగు మెతుకు మాడియుండవచ్చును. ఏ మెతుకును ఎచ్చటినుండి తీయవలెనో చెప్పు శాస్త్రమునకు శాంపిలింగు అని పేరు. చీటీ తీసినట్లు పక్షపాతము లేక ఎన్నుకొనిన వేయిమందిని అడిగినచో, వచ్చిన శాతము నూటికి తొంబదియైదు పర్యాయములు నిజమునకు సుమారు మూడు అటో ఇటో నుండునట. జనసంఖ్య లక్షయైనను కోటియైనను ఆ వేయి చాలునట. మావలె మెట్రిక్‌తో ఆగినవారికి ఇది నమ్మశక్యము కాలేదు. తండ్రి ప్రక్కన అంతవరకు మాటాడక కూర్చున్న ఆ బిడ్డ కాగితముపై లెక్క వేసి చూపినది.

ఈ శాస్త్రమునకు పేరు తెచ్చినవారిలో మనవంటి కుటుంబములో పుట్టినవారు కూడ కలరు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నేటి కర్ణాటకములోని హూవిన హడగలిలో తెలుగు ఇంట జన్మించెను. విశాఖపట్టణమున గణితము చదివి, ఉద్యోగము వెదకికొనుచు కలకత్తాకు పోయి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరెను. అది మహలనోబిస్ 1931లో నెలకొల్పిన సంస్థ. రావుగారికి తన 102వ ఏట, 2023లో, స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి లభించినది. ఆ సంవత్సరమే ఆయన దివంగతులైరి. ఆ సంస్థకు బెంగుళూరులోను, చెన్నైలోను శాఖలు కలవు. విపణి పరిశోధనయు మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. విక్రమ్ సారాభాయ్ 1960లోనే బరోడాలో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూప్‌ను స్థాపించెను.

లెక్క ఎంత చక్కగా నున్నను ప్రశ్న తప్పినచో ఫలము లేదు. అమెరికాలో కోకకోలా వారు సుమారు రెండు లక్షల మందికి పాత పానీయమును, కొత్త పానీయమును రుచి చూపించి, కొత్తదే మేలని తేల్చుకొని, 1985 ఏప్రిలులో పాతదానిని మానివేసిరి. జనులు మండిపడిరి. జూలైలో పాతదియే మరల వచ్చినది. ఏది రుచిగానున్నదని అడిగిరి గాని, పాతది ఇక దొరకకపోయిన మీకెట్లుండునని తగినంతగా అడుగలేదు.

ఇచ్చటనే మనవారి బలము కలదు. మన ప్రాంతమున ఇల్లాలిని ఏదైన వస్తువు ఎట్లున్నదని అడిగిన, ‘పరవాలేదు’ అనును. తమిళులును, కన్నడిగులును అదే మాటను తమ తమ ఉచ్చారణతో అందురు. ఆ ఒక్క మాటకు ‘బాగున్నది’ అనియు, ‘ఏదో సరిపెట్టుకొనుచున్నాము’ అనియు, ‘నీ మనస్సు నొప్పింపనేల’ అనియు మూడు అర్థములు. ఏ అర్థమో గొంతును బట్టి తెలియును. ఢిల్లీనుండి వచ్చిన కాగితములో ఆ మూడింటికిని ఒకటే గడి యుండును. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము మాటాడుచు పెరిగిన బిడ్డ ఆ గొంతు పోల్చగలదు. అయితే ప్రశ్నావళిని తెలుగులో వ్రాయవలసి వచ్చినప్పుడు ఏమి చేయును? మన పిల్లలలో అనేకులు తెలుగు మాటాడుదురు గాని చదువలేరు. ఆ బిడ్డయు అంతే. ఈ పత్రికను ఆమెకు తల్లి చదివి వినిపించునట. మూడు నెలలలో ఆ కొరత తీర్చుకొనవచ్చునని మేము చెప్పితిమి.

ఈ వృత్తిలోని కష్టములను దాచుట న్యాయము కాదు. మొదటి జీతము కంప్యూటరు ఉద్యోగములకంటె తక్కువగా నుండుట సాధారణము. ఇంటింటికి పోయి అడుగువారు వేరు, ప్రశ్నలు తయారుచేసి లెక్కలు కట్టి నివేదిక వ్రాయువారు వేరు. మొదటివారికి అనేకచోట్ల కాగితమునకింత అని కూలి. అదియు కాంట్రాక్టు మీద. అందువలన చెట్టుక్రింద కూర్చుండి తామే జవాబులు నింపువారు లేకపోలేదు. దానిని పట్టుకొనుటకు పైవారు మరల ఫోను చేసి అడుగుదురు. ఇప్పుడు చేతిలోని యంత్రమే వేళను, చోటును గుర్తించును. ఉద్యోగములో చేరువారు తమ పని ఏదో కాగితముమీద వ్రాయించుకొనవలెను. చెప్పినవారి పేర్లను, ఫోను నంబర్లను బయటపెట్టరాదనునది ఈ వృత్తికి మొదటినుండి గల నియమము. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో ప్రత్యేక చట్టమే వచ్చినది. కృత్రిమ మేధ వచ్చి నివేదికలను క్షణములో వ్రాయుచున్నదనియు, ఇక మనుష్యులేలయనియు కొందరు అడుగుచున్నారు. పట్టికలు కట్టు పని తగ్గును, నిజమే. అత్తగారి మాట మా అంగడి యంత్రమున ఎన్నడును నమోదు కాలేదని మాత్రము మనవి చేయుచున్నాము.

నాలుగైదేండ్లు ఇట్టి సంస్థలో పనిచేసినవారిని సరుకులు చేయు కంపెనీలే పిలిచికొనుట కలదు. కొత్త సరుకు పుట్టవలెనా వద్దా అను ఆలోచన జరుగు గదిలో వారికి చోటు దొరకును. స్టాటిస్టిక్స్ గాని, ఎకనామిక్స్ గాని, సైకాలజీ గాని చదివి, పిమ్మట ఎం.బి.ఎ. చేసినవారికి దారి సులభము.

ఆ తండ్రితో ఉద్యోగపత్రమును తెప్పించి చదివించితిమి. ప్రశ్నావళులు తయారుచేయుట, లెక్కలు విడదీయుట అనియు, మొదటి ఆరు మాసములు పర్యటన ఉండుననియు అందులో ఉన్నది. సంబంధము చూడవచ్చినవారు అడిగినచో మా వద్దకు పంపుడనియు చెప్పితిమి. ఆయన ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. బెంగుళూరులో వసతి ఎచ్చటయని మాత్రము అడిగెను. తెలిసిన ఇల్లు ఒకటి చూపితిమి.

విద్యానిధి సహాయమును స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సైకాలజీ చదువులకును విస్తరింపవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున మేమే ప్రతిపాదింపనున్నాము. మునుపు చేయెత్తినవారు మరల ఆలోచింపగోరుచున్నాము. మండీలో చిట్టా వ్రాయుచున్న ఆ బాలుని ఇంటికి ఈ సంచికను, ఒక దరఖాస్తు కాగితమును మేమే స్వయముగా తీసికొనిపోవుదుము.