దానము కాదు, మూలధనము

పేదస్త్రీల సంఘము చందా యడిగిన సంతోషముతో నిత్తుము. ఆ సంఘమే వ్యాపారమునకు అప్పడిగిన, హామీ యెవరందుము. దీనిని మేము ఆదరణమని యొప్పుకొనఁజాలము. అనుభవము లేనివారికి అప్పేల యని కొంద ఱందురు. 1959లో బొంబాయి గిర్గాములో ఏడుగురు గృహిణులు 80 రూపాయల యప్పుతో అప్పడములు చేసి యమ్మసాగిరి. అప్పిచ్చిన ఛగన్‌లాల్ పరేఖుగారు, లెక్కలు సరిగా వ్రాయుఁడనియు, దీనిని వ్యాపారముగనే నడపుఁడనియు బోధించిరి. నేఁడు ఆ లిజ్జత్ సంస్థలో వేలకొలఁది స్త్రీలు కూలివారు కారు, భాగస్వాములు.

కావున చదువరులారా! సంఘమున అణఁగియున్నవారు స్థాపించు సంస్థలకు మూలధన మిండు, పద్దులు నేర్పుఁడు, వారి సరకు కొనుఁడు. యాజమాన్యము మాత్రము వారిచేతనే యుండనిండు. ఉపకారియే యజమాని యైనచో ఆ యుపకారము సంకెలయే.