నాలుగు పేజీల్లో ఒకే వార్త

తిరుపతి టీ అంగట్లో పొద్దున్నే పేపరు తిరగేసే పెద్దాయన ఒక్క గ్లాసు టీ అయ్యేలోపు రాజకీయం, క్రికెట్, సినిమా, సెల్‌ఫోను అన్నీ చుట్టేస్తాడు. ‘ఈయనకు తెలీనిదేముందిలే అబ్బా’ అని పక్కనున్నవాళ్లు నవ్వుకుంటారు. ఆట గురించి ఆటగాడు, ఆర్థికం గురించి ఆర్థికవేత్త మాత్రమే మాట్లాడాలన్నది ఇప్పటి పద్ధతి. ఆ పద్ధతిలో ఏం జారిపోతోందో తెలియాలంటే 2024 డిసెంబరు నుంచి ఆరు నెలల వార్తలు చాలు.

డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు. అది సినిమా వార్తయింది. జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన ఆరుగురు భక్తులు తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. అది మొదట భక్తి వార్త, తెల్లారేసరికి రాజకీయ వార్త. జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట ఆర్సీబీ తొలి ఐపీఎల్ కప్పు సంబరాల తొక్కిసలాటలో 11 మంది పోయారు. అది క్రీడల పేజీకి చేరింది. చావు ఒకే రకం. పేజీలు మాత్రం మూడు.

ఈ మూడింటికీ మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంతో సంబంధముంది. ‘పుష్ప’ కథానాయకుడు పుష్పరాజ్ మాట్లాడింది చిత్తూరు యాస; రెండో భాగంలోని జాతర తిరుపతి గంగమ్మ జాతరను తలపించేది. పలమనేరు, కుప్పం, మదనపల్లె పిలకాయలు కొలువుకూ చదువుకూ పోయేది ఎక్కువగా బెంగళూరుకే. చెన్నై ఇంకో పక్కన ఉంది కాబట్టి ఇక్కడ ఒకే ఇంట్లో అన్న ధోనీ వైపు, తమ్ముడు కోహ్లీ వైపు ఉంటారు. ఇలాంటి చోట కూర్చుని అన్నీ కలిపి మాట్లాడుకునేవాడికే ఈ మూడు వార్తలూ ఒక్కటిగా కనబడే వీలుంది.

కలిపి చూస్తే ఏం తేలుతుంది? తిరుపతిలో 9వ తేదీ తెల్లవారుజామున ఇవ్వాల్సిన టోకెన్ల కోసం జనం ముందురోజే చేరారు. బైరాగిపట్టెడ దగ్గర వాళ్లను ఒక పార్కులో ఉంచారు. అస్వస్థతకు గురైన ఒక మహిళను బయటికి తేవడానికి గేటు తీస్తే, టోకెన్లు మొదలయ్యాయనుకుని జనం తోసుకొచ్చారని వార్తలు వచ్చాయి. బెంగళూరులో విజయయాత్ర ఉందని ఒకరు, లేదని ఇంకొకరు చెప్పారు. స్టేడియంలోకి ఎవరిని పంపుతారో గేటు బయటున్నవాళ్లకు స్పష్టంగా తెలియదు. సంధ్య దగ్గర హీరోను చూడాలని జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. భక్తి, అభిమానం, ఆట పిచ్చి వేరువేరు కావచ్చు. ముందు పడిపోయినవాళ్లున్నారని వెనకున్నవాళ్లకు తెలియకపోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే. దీనికి జనాన్ని తిట్టి లాభం లేదు. ఎంతమంది వస్తారో అంచనా, గేటు ఎప్పుడు ఎవరు తీస్తారన్న నిర్ణయం, వెనక వరసదాకా చేరే కబురు — ఈ మూడూ నిర్వాహకుల బాధ్యత.

నాలుగో పేజీ సాంకేతికానిది. 2025 సెప్టెంబరులో తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కృత్రిమ మేధతో పనిచేసే కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. మంచిదే. అయితే జనవరిలో ప్రాణాలు పోయింది కొండ మీద కాదు, కింద ఊళ్లోని టోకెన్ కౌంటర్ల దగ్గర. కెమెరా తలకాయలు లెక్కపెట్టగలదు. గేటు తీయమని చెప్పే మనిషి ఎవరో ముందే తేల్చుకోవాల్సింది మనమే. నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక ప్రైవేటు వేంకటేశ్వరాలయం దగ్గర మళ్లీ తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. తిరుపతి పాఠం అక్కడిదాకా చేరలేదు.

అన్నింటి మీదా మాట్లాడే వ్యాసకర్తలు తెలుగుకు కొత్త కాదు. పానుగంటి ‘సాక్షి’ వ్యాసాలు చేసింది ఆ పనే. తిరుపతి పక్క మిట్టూరు నుంచి వచ్చిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన ఊరి కతలు చెప్పిన గొంతుతోనే ‘చదువులా? చావులా?’ అని కార్పొరేట్ చదువులనూ నిలదీశాడు. ఆ మాటకు బలం ఆయన నిలబడిన చోటు నుంచి వచ్చింది. ఇప్పుడు ఫోన్లలో రోజంతా వినిపించే వ్యాఖ్యానానికి విషయాల కొరత లేదు, నిలబడే చోటే లేదు. మొదటి మూడు ఘటనల్లోనూ హీరోదా తప్పు, దేవస్థానం బోర్డుదా, జట్టుదా అని అరుచుకోవడంతోనే సరిపోయింది.

జనసమ్మర్దాన్ని అదుపు చేయడం ఒక శాస్త్రం. దానికి నిపుణులు కావాల్సిందే. ఆ నిపుణుడిని ఏం అడగాలో తెలియాలంటే నాలుగు పేజీలూ చదివే మనిషి కావాలి. కాబట్టి గంగమ్మ జాతరకైనా, బ్రహ్మోత్సవాలకైనా, పెద్ద హీరో సినిమా విడుదలకైనా ముందు స్థానిక విలేకరులూ వ్యాఖ్యాతలూ మూడు సంగతులు అడిగి అచ్చు వేయాలి: గేట్లెన్ని, ఎవరి మాట మీద తీస్తారు, వెనకున్నవాళ్లకు కబురెలా అందుతుంది. జవాబు చెప్పలేని నిర్వాహకుడికి అనుమతి ఇవ్వకూడదు.