చీలమండల దగ్గర తెగిన వాదన

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 14 ఖ్మేర్ శిల్పాలను కంబోడియాకు తిరిగి ఇస్తామని 2023 డిసెంబరులో ప్రకటించడం హర్షించదగినదే అయినా, ఇటువంటి ప్రతి నిర్ణయం వెంటా వినవచ్చే "మేం తీసుకురాకపోతే అవి మిగిలేవే కావు" అన్న సమర్థన సహించరానిది. ఆ శిల్పాల వ్యాపారి డగ్లస్ లాచ్‌ఫర్డ్ సైతం, 2019లో అమెరికాలో అభియోగాలు ఎదుర్కొని 2020లో మరణించేలోగా, తనను రక్షకుడిగానే చెప్పుకున్నాడు.

ఆ రక్షణ ఎలాంటిదో 10వ శతాబ్దపు ఖ్మేర్ రాజధాని కో కేర్ చూపుతుంది. అక్కడి ప్రసాత్ చెన్ గుడిలో భీమ దుర్యోధనుల గదాయుద్ధాన్ని ఇసుకరాతి విగ్రహాలుగా నిలిపితే, దొంగలు వాటిని చీలమండల దగ్గర విరగ్గొట్టి ఎత్తుకుపోగా, పాదాలు మాత్రం పీఠాలను అంటిపెట్టుకుని మిగిలాయి. 2011లో సోథిబీస్ వేలానికి వచ్చిన దుర్యోధనుడు ఎక్కడివాడో ఆ పాదాలే చెప్పాయి. 2014లో అతడు స్వదేశం చేరాడు. కాపాడదలచినవాడు కాళ్ళు విరగ్గొట్టడు, విరిగిన చోటు కళ్ళెదుట ఉండగా కొన్నవాడు తెలియక కొన్నానని అనలేడు. కంబోడియా అంతర్యుద్ధ కాలంలో గుళ్ళకు ముప్పు ఉన్నమాట నిజమే గాని, ఆ ముప్పును లాభసాటి బేరంగా మార్చింది కొనుగోలుదారుల డబ్బే.

కడప జిల్లాకు ఈ భద్రత వాదన పరాయిది కాదు. తూర్పు చాళుక్య శాసనాల్లోని ముడివేము అగ్రహారంగా చరిత్రకారులు గుర్తించిన పెద్దముడియం, జమ్మలమడుగు ప్రాంతపు గ్రామం. అక్కడ దొరికిన చిన్న రాతి ఫలకంపై గణపతి, బ్రహ్మ, సింహరూపంలోనే కూర్చున్న నరసింహుడు, శివలింగం, విష్ణువు, మహిషాసురమర్దని ఒకే వరుసలో ఉండగా, లక్ష్మి శ్రీవత్సంగా, అంటే విష్ణువు వక్షఃస్థలంపై ఉండే శుభచిహ్నం ఆకృతిలో కనిపిస్తుంది. ఆగ్నేయాసియా తొలినాటి నాణేలపైనా ఉన్న గుర్తే అది. తెలుగు నేలపై దేవతామూర్తుల రూపకల్పన ఎలా మొదలైందో చెప్పే ఈ ఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. అది దొంగసొత్తు కాదు, చెన్నై దాన్ని భద్రంగానే ఉంచింది. అయితే సొంత జిల్లాలో భద్రత ఉండదన్న సాకు మాత్రం చెల్లదు. గుప్తనిధుల ముఠాలు నందులను పగలగొడుతున్న మాట వాస్తవమే, కాని అది పోలీసు నిఘా పెంచడానికి కారణమే తప్ప, కడపలో ప్రభుత్వ మ్యూజియం ఉండగా ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు తమ జిల్లా శిల్పం కోసం చెన్నై రైలెక్కడానికి కారణం కాదు.

రాష్ట్ర ప్రభుత్వం ఆ ఫలకాన్ని కడపలో శాశ్వత ప్రదర్శనకు ఇవ్వాలని తమిళనాడును లిఖితపూర్వకంగా కోరాలి. అది వచ్చేదాకా, దాని రాతి ప్రతిరూపాన్నయినా పెద్దముడియంలో నిలపాలి.